బిగుసుకుపోయిన క్లచ్, సలోమమ్మ ఎడమ కాలు

రాష్ట్రం విడిపోయాక వచ్చిన రెండో వేసవిలో నన్ను ప్రొద్దుటూరు సర్వీస్ సెంటరుకు వర్క్స్ మేనేజరుగా వేశారు. చిన్న లారీలు, పికప్ బండ్లు అమ్మే ఒక డీలరు వర్క్‌షాపు అది. అంతకుముందు కర్నూలులో అదే రకం బండ్ల దగ్గర చాలాకాలం ఫ్లోర్ ఇన్‌చార్జిగా పనిచేశాను.

ఈ వృత్తి తెలియని వారికోసం కొంచెం చెబుతాను. బండి గేటు లోపలికి రాగానే ఎదురు వెళ్లేవాడు సర్వీస్ అడ్వైజర్. బండి ఓనరు చెప్పిన బాధను ఆయన జాబ్ కార్డు మీద రాస్తాడు. ఫ్లోర్ ఇన్‌చార్జి ఆ పనిని ఫలానా మెకానిక్‌కు అప్పగిస్తాడు. పని పూర్తయ్యాక బండిని నడిపి చూసి వదలడం, వదిలిన బండి మళ్లీ అదే బాధతో తిరిగివస్తే జవాబు చెప్పడం వర్క్స్ మేనేజరు వంతు. అలా తిరిగివచ్చిన బండిని మా భాషలో 'రిపీట్' అంటాం. ఏ వర్క్‌షాపుకైనా అంతకంటే చెడ్డ మాట లేదు. సలోమమ్మ బండి మా దగ్గరికి మొదటిసారే వచ్చింది కానీ, అప్పటికే అది ఊరూరా రిపీట్ అయిన బండి.

సలోమమ్మ జమ్మలమడుగు మనిషి. నలభై దాటి ఉంటాయి. మిషన్ కాలంనాటి క్రైస్తవ కుటుంబం. ఇంట్లో టీచర్లున్నారు, నర్సులున్నారు, భర్త కూడా బడిపంతులే. ఆమె మాత్రం బోరు మోటార్ల పని పట్టుకుంది. బోరులో మునిగి ఉండే మోటారు కాలిపోతే పైపులతో సహా పైకి లాగి, ప్రొద్దుటూరు తెచ్చి వైండింగ్ చేయించి, మళ్లీ దించి నీళ్లు పోయించడం ఆ పని. మొదట ఆమె అన్న చేసేవాడు. ఆయన నడుం నొప్పితో మానేస్తే బండిని, గొలుసు కప్పీని, పనివాణ్నీ ఈమె తీసుకుంది. పికప్ వెనక తొట్టిలో ఇనుప చట్రం నిలబెట్టి, దానికి గొలుసు కప్పీ వేలాడదీసి ఉంటుంది. బండిని వెనక్కి పోనిచ్చి బోరు నోటికి సరిగ్గా ఆనిస్తే గానీ పైపులు లాగడం కుదరదు. పులివెందుల చుట్టుపక్కల చీనీ (బత్తాయి) తోటలకు, అరటి తోటలకు ఎండాకాలంలో ఆమె ఫోన్ నంబరే ప్రాణం.

ఆ ఉదయం బండిని గేటులోంచి ఆమే తోలుకొచ్చింది. దిగేటప్పుడు తలుపు పట్టుకుని, ఎడమ కాలిని చేత్తో ఎత్తి కింద పెట్టుకుంది. పక్క సీట్లోంచి నబీ రసూల్ దిగాడు. గొలుసు కప్పీ పని చేసేది అతనే. ఆమె నేరుగా నా దగ్గరికి వచ్చి చెప్పింది.

"క్లచ్చు శానా బిర్రుగా ఉండాది సార్. సీటు మింద నించి లేసి తొక్కాల్సొస్తాంది. ఈ ఎండాకాలంలో ఎన్ని కేబుళ్లు మార్చినామో లెక్కల్యా. ప్లేటు సెట్టు గూడా కొత్తదే ఏసినారు. అందరూ బండి బాగుందనే అంటాండారు."

"మరి మీరేమంటారమ్మా?" అని అడిగాను.

"నేనేమంటా సార్? నా కాల్లోనే సత్తవ పోయిందేమో అనుకుంటాండా. మోకాలు వాసింది. డాక్టరమ్మ బండి తోలేది మానుకోమనింది. ఖాజీపేట ఆయన ఒకాయన బండి అడుగుతాండాడు. మీరు గూడా సూసి బండి బాగుందంటే ఇచ్చేస్తా. ఇంగ ఎవురికీ సూపించేది లేదు."

ఆ మాట చెప్పేటప్పుడు ఆమె గొంతులో బాధ లేదు. నిర్ణయం మాత్రమే ఉంది. నబీ రసూల్ తల వంచుకుని టైరు వైపు చూస్తున్నాడు. బండి పోతే అతని పనీ పోతుంది.

నేను సీట్లో కూర్చుని పెడల్ తొక్కాను. అది కిందికి దిగడానికి నా తొడ కండరం బిగుసుకుంది. వదిలితే వెంటనే పైకి రాలేదు. ఎక్కడో పట్టుకున్నట్టు ఆగి, తరువాత మెల్లగా లేచింది.

"నాకూ బరువుగానే ఉందమ్మా. మీ కాలి సంగతి తరువాత చూద్దాం, ముందు బండి సంగతి చూస్తాను" అన్నాను. అప్పటిదాకా తలుపు పట్టుకుని నిలబడిన మనిషి వెళ్లి బల్ల మీద కూర్చుంది.

క్లచ్ అంటే ఇంజనుకూ గేరుబాక్సుకూ మధ్య ఉన్న పట్టును కాసేపు విడదీసే ఏర్పాటు. కొత్త బండ్లలో ఆ పని ఆయిల్ ఒత్తిడితో జరుగుతుంది. ఈ పాత పికప్‌లో ఒక ఉక్కు కేబుల్‌తో జరుగుతుంది. పెడల్ కేబుల్‌ను లాగుతుంది, కేబుల్ గేరుబాక్సు పక్కనున్న ఫోర్కును లాగుతుంది, ఫోర్కు లోపలి బేరింగును నెడుతుంది, బేరింగు స్ప్రింగును నొక్కితే ప్లేటు వదులవుతుంది. పెడల్ బరువెక్కితే ఈ వరుసలో ఎక్కడో ఒకచోట రాపిడి పెరిగిందని అర్థం. ఊహించకుండా ఒక్కొక్కదాన్నే వేరుచేసి చూడాలి.

ముందు కేబుల్ విప్పి పెడల్‌ను ఒంటరిగా ఆడించాం. వేలితో తోస్తే చాలు, దిగిపోతోంది. అంటే పెడల్ ఇరుసు బాగుంది. తరువాత బండి కింద దూరి ఫోర్కును రాడ్డుతో నెట్టి చూశాను. స్ప్రింగు బలం చేతికి తెలుస్తుంది. అది ఎంత ఉండాలో అంతే ఉంది, ఎక్కడా గరుకు లేదు. ప్లేటు, బేరింగు బాగున్నాయి. ఇక మిగిలింది కేబుల్. దాన్ని వైస్‌లో బిగించి లోపలి తీగను లాగితే జిగురులోంచి లాగినట్టు వచ్చింది. కాబట్టి దోషం కేబుల్‌దే. ఇంతకుముందు దాన్ని మార్చినవాళ్లు చేసింది తప్పు పనేమీ కాదు. బిగుసుకున్న కేబుల్‌ను మార్చడమే పద్ధతి.

కానీ అది కొత్త కేబుల్. పది దినాల కిందటే వేయించానని ఆమె అంది. అందుకని దాన్ని నిలువునా కోయించాను. కేబుల్ తొడుగు లోపల తీగ జారడానికి సన్నని ప్లాస్టిక్ గొట్టం ఉంటుంది. అది కరిగి తీగకు అంటుకుపోయింది. సైలెన్సర్ వేడి తగిలి కరగడం మేము చూసినదే. అలాంటప్పుడు సైలెన్సర్‌కు దగ్గరగా ఉన్న ఆ జానెడు చోటే కరుగుతుంది. ఇది మొదలు నుంచి చివరి దాకా ఒకేలా కరిగింది. అన్నేళ్ల సర్వీసులో నేను అలాంటి కేబుల్ చూడలేదు.

ఆమెను మళ్లీ అడిగాను. ఎప్పుడు బిగుసుకుంటుంది, బరువు వేసినప్పుడా, ఎండలోనా, ఎత్తు ఎక్కేటప్పుడా అని. ఆమె తొందరపడకుండా ఆలోచించి చెప్పింది.

"కొత్తది ఏసిన దినం వెన్న మాదిరి ఉంటాది సార్. నాలుగు దినాలకు మళ్ల అదే కత. పొద్దున్నే సెల్ఫు కొట్టినప్పుడు ఒగ వాసన గూడా వస్తాది. చెప్తే ప్లేటు కాలే వాసన అంటారు. ప్లేటు వాసన నాకు తెలీదా? ఇది అది కాదు. ఎరువు సంచులు కాల్చినప్పుడు వచ్చే వాసన."

ఆ మాట నేను మనసులో పెట్టుకున్నాను గాని, అప్పటికి దాని అర్థం నాకు తెలియలేదు. సెల్ఫ్ కొట్టి చూస్తే ఇంజను బద్ధకంగా తిరిగి అంటుకుంది. బ్యాటరీ ఏమిటని అడిగితే, దానితోనూ ఇబ్బందిగా ఉంటే పోయిన నెలే కొత్తది వేయించామని నబీ రసూల్ చెప్పాడు. క్లచ్ బాధ ఒకరికి, బ్యాటరీ బాధ ఇంకొకరికి చెప్పుకుంటూ వచ్చారన్నమాట.

కొత్త కేబుల్ వేసి, సైలెన్సర్‌కు దూరంగా దారి మార్చి కట్టాం. అంతటితో బండిని వదిలేస్తే మళ్లీ రిపీట్ అవుతుందని నాకు తెలుసు. ఆ రోజే ఆమె వైండింగ్ షాపులో సిద్ధంగా ఉన్న మోటారు ఎక్కించుకుని పులివెందుల దగ్గర ఒక చీనీ తోటకు పోవలసి ఉంది. తోటకు నీళ్లు ఆగి చాలా రోజులైంది. నేనూ వస్తానన్నాను. వర్క్స్ మేనేజరు కస్టమర్ బండిలో ఊళ్లు తిరగడం ఆనవాయితీ కాదు. కానీ వేడి ఎక్కడ పుడుతోందో వర్క్‌షాపులో నిలబెట్టిన బండి చెప్పదు.

"రాండి సార్" అంది సలోమమ్మ. "నబీ యెనకాల కూర్చుంటాడు."

ఆమె నడపడం నేను అప్పుడే చూశాను. ముప్ఫై ఏళ్లుగా డ్రైవర్ల పక్కన కూర్చున్నవాణ్ని. బండిని నొప్పించకుండా తోలేవాళ్లు ఎంత తక్కువో నాకు తెలుసు. ఆమె గుంతను దూరం నుంచే చూసి ముందే వేగం తగ్గించేది. బ్రేకు మీద కాలు పడేది తక్కువ. తొట్టిలో కొత్తగా వైండింగ్ చేసిన మోటారు దుప్పట్లలో చుట్టి ఉంది. దారిలో అది కొంచెం కూడా కదల్లేదు.

ఎర్రగుంట్ల దాటే దాకా పెడల్ మెత్తగానే ఉంది. తరువాత ఒక రైలు గేటు దగ్గర ఆగాం. ఆమె డీజిల్ మిగులుతుందని ఇంజను ఆపేసింది. గేటు ఎత్తాక సెల్ఫ్ కొట్టింది. కదిలిన కాసేపటికి "కొంచెం బిర్రెక్కింది సార్" అంది. ముద్దనూరులో టీ కోసం ఆపాం. మళ్లీ స్టార్ట్ చేశాక నేను చేత్తో పెడల్ నొక్కి చూశాను. నిజమే, ఉదయం ఉన్నట్టు లేదు. అక్కడి నుంచి చాలా దూరం ఆగకుండా పోయాం. ఆ దూరంలో బరువు పెరగలేదు. అంటే దీనికి దూరంతో సంబంధం లేదు, ఎండతో లేదు, బరువుతో లేదు. బండిని స్టార్ట్ చేసిన ప్రతిసారీ కేబుల్‌కు ఏదో అవుతోంది. అది ఏమిటన్నది మాత్రం ఇంకా అందలేదు.

తొండూరు చేరకముందు ఒక ఎత్తు ఉంది. కిందనే ఒక లారీ అడ్డం తిరుగుతుంటే ఆగి, ఇంజను ఆరిపోతే మళ్లీ చాలాసేపు సెల్ఫ్ కొట్టాల్సి వచ్చింది. ఆమె చెప్పిన వాసన అప్పుడు నాకూ తగిలింది. ఎత్తు మీద గేరు తగ్గించడానికి ఆమె లేచి బలంగా తొక్కింది. టప్ మని శబ్దం వచ్చింది. పెడల్ నేలకు అతుక్కుపోయింది. కేబుల్ కొసన ఉండే గుండు ఊడిపోయింది.

నేను పక్కకు తీసి ఆపమన్నాను. ఆమె నా వైపు చూడలేదు.

"ఈ ఎత్తులో ఆపితే మళ్ల లేసేది ఉండదు సార్" అంది.

క్లచ్ లేకుండా గేరు మార్చడం అసాధ్యమేమీ కాదు. ఇంజను వేగమూ చక్రాల వేగమూ సరిగ్గా కలిసే క్షణంలో గేరు దానంతట అదే జారి పడుతుంది. ఆ క్షణాన్ని చెవితో పట్టాలి. కొంచెం ముందైనా వెనకైనా పళ్లు పళ్లూ రాసుకుని కర్రుమంటాయి. మంచి మెకానిక్కులు ఖాళీ రోడ్డు మీద చేసి చూపిస్తారు. ఆమె ఎత్తు మీద, బరువుతో, ఎదురుగా బస్సులు వస్తుండగా చేసింది. యాక్సిలరేటర్ వదిలి గేరు న్యూట్రల్‌కు తీసి, ఒక్కసారి రేజ్ చేసి, తల కొంచెం పక్కకు వంచి విని, కింది గేరులోకి తోసింది. చప్పుడు కాలేదు. మళ్లీ ఇంకో గేరు. అదీ అంతే.

ఎక్కడ నేర్చుకున్నారని అడిగితే నవ్వింది.

"మా అన్న బండి నేర్పిచ్చినప్పుడే దీని క్లచ్చు సరిగ్గా లేకపాయె సార్. నేను నేర్చుకునిందే ఇట్ల."

తోట చేరాం. రైతు ఓబులేసు దారిలోకి ఎదురొచ్చాడు. వాళ్లది గొర్రెలు మేపుకునే కుటుంబం; మంద సగం అమ్మి చీనీ పెట్టాడు. మిగిలిన గొర్రెలు ఎండిన తొట్టి చుట్టూ నిలబడి ఉన్నాయి. చెట్ల కింద నిమ్మకాయంత పిందెలు రాలి పడి ఉన్నాయి.

"సూడమ్మీ, రాల్తానే ఉండాయి. ఇంగొగ దినమైతే చెట్లు గూడా దక్కవు" అన్నాడు. కోపంగా అనలేదు. ఆమెను చూసి ప్రాణం లేచి వచ్చినవాడిలా అన్నాడు.

గేరు తీసి, బ్రేకు వేసి, ఆమె బండిని గట్టు పక్కన ఆపింది. ఇంజనూ ఆపేసింది. బోరు అక్కడికి ఇంకా దూరంలో, చెట్ల వరసల మధ్య ఉంది. బండిని వెనక్కి పోనిచ్చి బోరుకు ఆనించాలి. క్లచ్ లేదు కాబట్టి రివర్స్ గేరు వేసి, గేరులోనే సెల్ఫ్ కొట్టి కదిలించడం ఒక్కటే మార్గం. ఆమె అదే చేసింది. టిక్కుమంది, అంతే. ఇంజను ఇసుమంత కూడా తిరగలేదు. న్యూట్రల్‌లో పెట్టి కొట్టినా టిక్కు తప్ప మరేమీ లేదు.

"అక్కా, బ్యాటరీ మళ్ల సచ్చినట్టుండాది" అన్నాడు నబీ రసూల్.

"కొత్తది కదప్పా! యాల సస్తాది?" అంటూ ఆమె మళ్లీ తాళం తిప్పింది.

నేను బానెట్ ఎత్తి చూస్తున్నాను. యాక్సిలరేటర్ కేబుల్ తొడుగు మీద నుంచి దారంలా పొగ లేచింది. ఆపమని గట్టిగా అరిచాను. చేయి పెట్టి చూస్తే ఆ కేబుల్ కాలుతోంది. ఇంజను ఆగి ఉంది, సైలెన్సర్ దానికి దరిదాపుల్లో లేదు. అయినా కేబుల్ కాలుతోంది.

అక్కడ నాకు మొత్తం అర్థమైంది. ఉదయం నుంచి చూసినవన్నీ ఒక వరుసలోకి వచ్చాయి. బ్యాటరీ నుంచి కరెంటు లావుపాటి వైరులో సెల్ఫ్ మోటారుకు పోతుంది. పోయిన కరెంటు తిరిగి రావాలి. అది ఇంజను ఇనుము గుండా వచ్చి, గేరుబాక్సుకూ ఛాసిస్‌కూ మధ్య కట్టిన రాగి అల్లిక పట్టీ మీదుగా బ్యాటరీకి చేరుతుంది. దాన్ని ఎర్త్ స్ట్రాప్ అంటాం. ఇంజను రబ్బరు దిమ్మల మీద కూర్చుంటుంది కాబట్టి ఆ పట్టీ తప్ప దానికి సరైన దారి లేదు. పట్టీ తెగితే కరెంటు ఆగదు. ఇంజనును బాడీతో కలిపే ఇనుము ఏది దొరికితే దాని గుండా పోతుంది. ఈ బండిలో దానికి దొరికింది క్లచ్ కేబుల్. సెల్ఫ్ మోటారు లాగినంత కరెంటు బండిలో మరేదీ లాగదు. స్టార్ట్ చేసిన ప్రతిసారీ కేబుల్ వేడెక్కి లోపలి ప్లాస్టిక్ కొంచెం కొంచెం కరిగింది. కేబుల్ ఊడిపోగానే ఆ దారి పోయింది, సెల్ఫూ పోయింది. మిగిలిన సన్నని దారి యాక్సిలరేటర్ కేబుల్. అందుకే దాని మీద పొగ. ఎరువు సంచుల వాసన ఆ ప్లాస్టిక్‌దే. క్లచ్ జబ్బు, బ్యాటరీ జబ్బు రెండు కావు. ఒకటే.

బండి కింద దూరి చూశాను. స్ట్రాప్ ఉండాల్సిన చోటే ఉంది. మట్టి, గ్రీసు పూసుకుని చూపుకు చెక్కుచెదరనట్టే ఉంది. అందుకే ఎవరికీ అనుమానం రాలేదు. పట్టుకుని గట్టిగా లాగితే బోల్టు దగ్గర ఊడి చేతికి వచ్చింది.

ఆ మాట చెప్పగానే సలోమమ్మ అడిగింది: "అయితే రాగి ఉంటే చాలునా సార్?"

"చాలు. లావుగా ఉండాలి."

ఆమె తొట్టిలోకి చూపించింది. బోరు మోటారుకు కరెంటు పంపే బల్లపరుపు కేబుల్ చుట్ట అక్కడే ఉంది. నబీ రసూల్ ముక్క కోశాడు. దాన్ని మడిచి, తీగలన్నీ కలిపి మెలేశాం. ఒక కొస బ్యాటరీ మైనస్‌కు బిగించాను. గేరుబాక్సు బోల్టును గరుకు కాగితంతో తెల్లగా రుద్ది రెండో కొస దానికి బిగించాను. యాక్సిలరేటర్ కేబుల్ చల్లారేదాకా ఆగాం.

ఆమె రివర్స్ గేరు వేసి తాళం తిప్పింది. ఈసారి సెల్ఫ్ గట్టిగా తిరిగింది. బండి గేరులోనే ఉలిక్కిపడి, ఇంజను అంటుకుని, వెనక్కి కదిలింది. రెండు వైపులా చీనీ కొమ్మలు, మధ్యలో బండి పట్టేంత సందు, చివర బోరు గొట్టం. క్లచ్ లేదు కనుక ఆపడానికి తాళం తిప్పడమే దారి. నేను వెనక నిలబడి చేత్తో సైగ చేస్తున్నాను గాని, ఆమె నన్ను చూడటం లేదు. ఒక చేయి స్టీరింగు మీద, ఒక చేయి తాళం మీద, తల కిటికీ బయట. ఇనుప చట్రం బోరు నోటి మీదికి రాగానే ఇంజను ఆపింది. నబీ రసూల్ చక్రం వెనక రాయి పెట్టాడు. మళ్లీ సర్దాల్సిన పని లేకపోయింది.

తరువాత పని వాళ్లది. ఒక పైపు తరువాత ఒకటి బిగిస్తూ మోటారును దించారు. వాచిన మోకాలితోనే ఆమె ప్రతి జాయింటునూ తానే బిగించి చూసింది. స్విచ్ వేశాక మొదట గాలి వచ్చింది, తరువాత ఎర్రనీళ్లు, తరువాత తేటనీళ్లు. గొర్రెలు మమ్మల్ని తోసుకుని తొట్టి మీద పడ్డాయి. ఓబులేసు కాలువలో కాళ్లు పెట్టుకుని నిలబడ్డాడు. తరువాత నా వైపు తిరిగి, "ఈ పాప రాకపోయింటే నేను మళ్ల మంద యెనకాలే పొయ్యేటోన్ని అప్పా" అన్నాడు.

ఈలోగా నేను ఫోన్ చేసి, మా వర్క్‌షాపు నుంచి కొత్త క్లచ్ కేబుల్ బస్సులో పంపించమన్నాను. ఆమె క్లచ్ లేకుండానే పులివెందుల బస్టాండు దాకా తోలింది. కండక్టరు చేతికిచ్చిన పొట్లం విప్పి, బస్టాండు పక్క నీడలో నేనే కేబుల్ బిగించాను. తరువాత బండిని స్టార్ట్ చేయమన్నాను, ఆపమన్నాను, మళ్లీ స్టార్ట్ చేయమన్నాను. అలా చాలాసార్లు చేయించాను. కేబుల్ మీద చేయి వేసి చూస్తే చల్లగా ఉంది.

"ఇప్పుడు తొక్కండమ్మా."

ఆమె తొక్కింది. వదిలింది. మళ్లీ తొక్కింది. ఎడమ మోకాలి మీద చేయి పెట్టుకుంది. నేను సంతోషిస్తుందనుకున్నాను. ఆమెకు కోపం వచ్చింది.

"ఇన్ని దినాలు నా కాల్ని నేనే తిట్టుకుంటి కదా సార్" అంది. "దీని తప్పేముండె?"

నబీ రసూల్ కిటికీ దగ్గరికి వచ్చి, ఖాజీపేట ఆయనకు ఏం చెప్పాలని అడిగాడు.

"బండి యాడికీ పోదని చెప్పు" అంది.

మరుసటి రోజు వర్క్‌షాపులో ఆ స్ట్రాప్ రెండో కొసనూ విప్పి బల్ల మీద పెట్టి చూశాం. రాగి అల్లిక బోల్టు బిళ్ల దగ్గర పచ్చగా, పొడిపొడిగా అయిపోయింది. కారణం కూడా దొరికింది. బోరులోంచి తీసిన పైపులు తొట్టిలో వేసినప్పుడల్లా ఉప్పునీళ్లు ముందు అంచు సందులోంచి సరిగ్గా దాని మీద కారుతున్నాయి. ఎవరూ చేసిన తప్పు కాదు. ఆ పని స్వభావమే అంత. కొత్త స్ట్రాప్ వేశాం, ఇంజను ముందు వైపు అదనంగా ఇంకొకటి వేశాం, తొట్టి కింద నీళ్లు పక్కకు పోయేలా రేకు ముక్క బిగించాం. ఆ బండి అదే బాధతో మళ్లీ రాలేదు. నేను రిటైరయ్యేదాకా సలోమమ్మ దాన్నే తోలింది. మోకాలి వాపు ఆ వేసవి లోపలే తగ్గిందని తరువాత ఆయిల్ మార్పుకు వచ్చినప్పుడు చెప్పింది.

ఉద్యోగంలో నేను చాలామంది మంచి డ్రైవర్లను చూశాను. వాచిన మోకాలితో, క్లచ్ తెగిన బండిని తోట మధ్య బోరు మీదికి ఒక్క ప్రయత్నంలో ఆనించిన మనిషిని ఆమెను తప్ప ఎవరినీ చూడలేదు. తన కాలు పనికిరాదని నమ్ముతూనే ఆమె ఆ పని చేసింది. ఈ మాట మా మెకానిక్కులకు చాలాసార్లు చెప్పాను.

ఆ తరువాత మా వర్క్‌షాపులో ఒక పద్ధతి పెట్టాం. కేబుల్ క్లచ్ బిగుసుకుందని బండి వస్తే, పానా పట్టకముందు బ్యాటరీ మైనస్‌కూ ఇంజనుకూ మధ్య మీటరు పెట్టి సెల్ఫ్ కొట్టి చూడాలి. ముల్లు లేస్తే కరెంటు దారి చెడినట్టే, ముందు ఎర్త్ సరిచేయాలి, ఆ తరువాతే కేబుల్ మార్చాలి. ఒకే బండిలో రెండు బాధలుంటే అవి రెండా ఒకటా అని అడగాలి. పెడల్ బరువుగా ఉందని ఎవరైనా చెబితే, వాళ్ల వయసూ కాలూ చూడకుండా, ముందు మనమే కూర్చుని తొక్కి చూడాలి.